వెనక్కి వెళ్ళే బాణం

బొమ్మలో ఒక బాణాన్ని వెనక్కి తిప్పనివ్వడానికి నాకు పట్టిన సమయం పన్నెండు నిమిషాలు. అందులో నాలుగు నిమిషాలు టీ వేడి చేసుకోవడానికే పోయాయి. ఆ పన్నెండు నిమిషాల పని చెయ్యడానికి నేను పదకొండు వారాలు తీసుకున్నాను. చేతకాక కాదు. చేతకాకపోతే ఈ కథ చెప్పాల్సిన అవసరమే లేదు, హాయిగా చేతకానిదాన్ననిపించుకుని బతికేసేదాన్ని.

అది యూనిఫారాల సీజన్. ఎండలు మొదలైన దగ్గర్నుంచి బళ్ళు తెరిచేదాకా రంగుల కార్ఖానాలో అందరి గోళ్ళూ ముదురు నీలంగా ఉంటాయి. ఆ కార్ఖానాలో రంగు కలిపేది మా అక్క. పదహారో ఏట చేరింది, చేరి అప్పటికి ఇరవై ఒక్కేళ్ళయింది. తొట్టిలో నానుతున్న బట్ట కొస ఒకటి పైకి లాగి, పిండి, కిటికీ వెలుతురులో పట్టుకుని చూసి, "ఇంకో పిడికెడు" అనేది. ఆ పిడికెడు ఎంతో ఆ చేతికే తెలియాలి. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచిందీ, చదివించిందీ ఆ చెయ్యే. అక్క నాకంటే పదకొండేళ్ళు పెద్దది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. తలుపు తీయగానే "తిన్నావా?" అని అడిగే మనిషి నాకు ఈ లోకంలో ఒక్కతే.

నా ఉద్యోగం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత అర్థం కాదు. మేం ఒక్కో వృత్తికి ఒక్కో భాష కడతాం. మాట్లాడే భాష కాదు, గీసే భాష. ఆ పనివాళ్ళు రోజూ వాడే మాటలే డబ్బాలవుతాయి. దేని తర్వాత ఏదో బాణాలు చెబుతాయి. కంప్యూటర్ తెర మీద వాళ్ళే బొమ్మ గీసుకుంటారు. బొమ్మ కుదిరితే మా టూల్ దాన్ని చదివి, యంత్రాన్ని నడిపే ప్రోగ్రాం తనే రాసిపెడుతుంది. కుదరకపోతే తప్పున్న చోట ఎర్ర గుర్తు పెట్టి మొండికేస్తుంది. ఏది కుదిరినట్టు, ఏది కానట్టు అని తేల్చే నియమాలు ఒక ఫైల్లో ఉంటాయి. ఆ ఫైలు రాసేది నేను.

ఇక అక్క సంగతి. అక్క కోసం ఒక మనిషి ఎదురుచూస్తున్నాడు. ఒకప్పుడు ఆ కార్ఖానాలోనే బాయిలరు చూసేవాడు. నాలుగేళ్ళ కిందట రేవు ఊరికి వెళ్ళి పడవల ఇంజన్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. ఒక రాత్రంతా రైలు ప్రయాణం. వచ్చెయ్యమని ఆయన, వస్తానని అక్క. కానీ అక్క కార్ఖానా యజమానికి మాటిచ్చింది, తను లేకుండా పని నడిచేదాకా కదలనని. అప్పట్లో దిక్కూ మొక్కూ లేని పిల్లని ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా పనిలో పెట్టుకున్న మనిషి ఆయన. అక్క మాటిచ్చిందంటే తలిచ్చినట్టే.

యజమాని కూడా చెడ్డవాడేం కాదు. ఆ వేసవికి తొట్లన్నిటికీ కంప్యూటర్ యంత్రాలు బిగించి, అక్కని పిలిచి, "అమ్మాయ్, నువ్వు ముట్టుకోకుండా వరసగా పది తొట్లు సరైన రంగుకి రానీ. పదకొండోది చూడకుండా వెళ్ళిపో. టికెట్ నేనే తీయిస్తా" అన్నాడు. రంగుల భాష కట్టే పని మా కంపెనీకిచ్చాడు. అది నాకే ఇవ్వమని పట్టుబట్టాడు కూడా. ఇంటి పిల్లయితే అక్క కోసం తొందరగా చేస్తుందని ఆయన ఉద్దేశం. పాపం.

మొదట్లో సరదాగానే ఉండేది. సాయంత్రాలు వంటింటి బల్ల మీద నా కంప్యూటర్ పెట్టుకుని ఇద్దరం కూర్చునేవాళ్ళం.

"నింపు, వేడి చెయ్యి, కలుపు, ఆగు, చూడు, వదులు." అక్క వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "ఇంతేనా? ఇరవై ఒక్కేళ్ళ నా పని ఆరు డబ్బాలా?"

"చాలకపోతే ఇంకోటి పెడదాంలే."

"అయితే 'తిట్టు' అని ఒకటి పెట్టు. మా గొణుగుడు మేస్త్రిని రెండు తిట్టకపోతే ఏ తొట్టిలోనూ రంగు పట్టదు."

బాణాలు ముందుకే పోవాలన్న నియమం నేను ఆ రోజుల్లోనే పెట్టాను. అప్పుడు అందులో ఏ దురుద్దేశమూ లేదు. కొత్త భాష కట్టేటప్పుడు ఎవరైనా అలాగే పెడతారు. బాణం వెనక్కి వెళ్తే యంత్రం గుండ్రంగా తిరుగుతూ అక్కడే ఉండిపోవచ్చు, ఆపకుండా రంగు పోసుకుంటూ పోవచ్చు. ముందు సూటిగా నడవనిచ్చి, తర్వాత వెసులుబాటు ఇద్దామనుకున్నాను. అబద్ధాలన్నీ అబద్ధాలుగానే పుట్టవు.

మూడో వారంలో అక్క పాత బిల్లు కాగితం వెనక బొమ్మ గీసి నా ముందు పెట్టింది. 'చూడు' డబ్బాలోంచి ఒక బాణం వంకరగా వెనక్కి వచ్చి 'కలుపు' దగ్గర ఆగింది.

"ఇదేనే నా పనంతా. నూలుని బట్టి, నీళ్ళని బట్టి రంగు మారిపోతుంది. చూస్తా. తక్కువైతే మళ్ళీ కాస్త కలుపుతా. మళ్ళీ చూస్తా. నీ టూల్లో ఇలా గీస్తే ఎర్ర గుర్తు పెడుతోంది."

"అలా వెనక్కి వెళ్ళనిస్తే యంత్రం ఎక్కడ ఆగాలో దానికి తెలీదక్కా."

"నేను ఆగట్లేదూ?"

"నువ్వు మనిషివి."

"మూడుసార్లు చూసి కుదరకపోతే మేస్త్రిని పిలవమను. మనుషులం చేసేదీ అదే." అంతలోనే అక్క మొహం వెలిగింది. "ఇదొక్కటీ వచ్చేస్తే ఇక అయిపోయినట్టే కదే? నెలాఖరుకి వెళ్ళిపోవచ్చేమో!"

మూడుసార్లకి మించకుండా వెనక్కి వెళ్ళనివ్వడం. సరిగ్గా నేను రాయాల్సిన నియమం అదే. పెద్దగా చదువుకోని మా అక్క నోటితో చెప్పేసింది. నేను ఆ వెలిగిన మొహం కేసి చూశాను. నెలాఖరుకి ఈ బల్ల ముందు నేనొక్కదాన్నే కూర్చుని తింటానన్నది కళ్ళకి కట్టింది.

"చూద్దాం. నువ్వనుకున్నంత తేలిక కాదు," అన్నాను.

ఆ మాట నేను ఆలోచించి అనలేదు. కానీ అన్నాక వెనక్కి తీసుకోలేదు, అదీ నా నేరం.

ఆ తర్వాత అక్క లేకుండా నడిపిన మొదటి తొట్టి వెలిసిపోయిన నీలం వచ్చింది. రెండోది నల్లగా వచ్చింది. గొణుగుడు మేస్త్రి తడిబట్ట ఎత్తి పట్టుకుని, నాకు వినబడేలా గొణిగాడు. "కందకి లేని దురద కత్తిపీటకి ఎందుకో. ఆ అమ్మాయి చెయ్యి పెడితే నిమిషంలో కుదిరేదానికి ఈ డబ్బాలూ బాణాలూ!"

"చెయ్యి పెట్టకూడదయ్యా. చెయ్యి పెడితే ఆ పది మళ్ళీ మొదటికొస్తాయి," అంది అక్క. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. తొట్టిలో రంగు తప్పిపోతుంటే ఆ వేళ్ళు ఒకదాన్నొకటి నలుపుకోవడం నాకు వెనక నుంచి కనిపిస్తూనే ఉంది.

యజమాని నన్ను పక్కకి పిలిచాడు. "మీ టూల్లో ఏదో అడ్డుందంటోంది మీ అక్క. నిజమేనా?"

"పని జరుగుతోందండీ," అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, చేతిలో ఉన్న కాగితాలన్నీ సర్దుకున్నాను.

రోజులు గడిచాయి. నేను ఊరికే కూర్చోలేదు సుమా. డబ్బాలకి రంగులు పెట్టాను, అక్షరాలు పెద్దవి చేశాను, మేస్త్రి పోరు పడలేక ఆయన్ని పిలవడానికి ఒక గంట బొమ్మ పెట్టాను, నొక్కితే మోగుతుంది. బాణం తప్ప అన్నీ చేశాను. ఆ సాయంత్రాలంత బావున్న సాయంత్రాలు నా జీవితంలో మళ్ళీ రాలేదు. అక్క నా పక్కనే కూర్చునేది. కూనిరాగం తీస్తూ నా తలలో పేలు వెతుకుతున్నట్టు నటించేది, ఇరవై ఆరేళ్ళదాన్ని. ఇంకో వారం, ఇంకొక్క వారం, అంతే అనుకునేదాన్ని.

ఆరో వారంలో ఒక ఆదివారం రేవు ఊరి నుంచి ఆయన ఫోన్ చేశాడు. అక్క మాట్లాడుతూ మాట్లాడుతూ, "నేను చెబితే ఆయనకి ఎక్కట్లేదు, నువ్వే చెప్పవే" అని ఫోన్ నా చేతిలో పెట్టి, పొంగుతున్న పాల దగ్గరికి పరిగెత్తింది.

ఆయన్ని వరసకి బావా అనాలి. నేనెప్పుడూ "ఏమండీ" అనే అన్నాను.

"ఏం లేదమ్మా," అన్నాడు. వెనక ఎక్కడో ఇంజన్ ఒకటి దగ్గుతోంది. "మీ అక్క వారం వారం ఏదో బాణం అంటుంది, వెనక్కి వెళ్ళట్లేదంటుంది. నాకు ఇంజన్లు తెలుసు గానీ ఇవి తెలియవు. నిజంగా అంత కష్టమా? లేకపోతే తనకి రావాలని లేక..." ఆగాడు. "నువ్వు చెబితే నమ్ముతా. నువ్వు చదువుకున్నదానివి."

వంటింట్లో అక్క గిన్నె దించి, చెయ్యి కాల్చుకుని, "అబ్బా!" అని ఎవరూ లేకపోయినా నవ్వుకుంది.

"చాలా కష్టమండీ," అన్నాను. "ఎప్పటికవుతుందో నేనే చెప్పలేను."

"సరేనమ్మా. జాగ్రత్తగా ఉండండి ఇద్దరూ," అన్నాడు.

"ఏమన్నారే?" అంటూ అక్క వచ్చింది.

"జాగ్రత్తగా ఉండమన్నారు."

"అంతేనా?" అని ఫోన్ అందుకుంది. అప్పటికే పెట్టేశాడు.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. నేను ఏ దారి మూశానో అక్క దాని పక్కనుంచి నడిచింది. పదకొండో వారం చివర్లో ఒక ఆదివారం పొద్దున్న, అక్క బయటికి వెళ్ళినప్పుడు ఆమె గీసుకుంటున్న ఫైలు తెరిచాను. తెర చాలలేదు. పక్కకి జరిపాను, ఇంకా ఉంది. ఇంకా జరిపాను, ఇంకా ఉంది. కలుపు, ఆగు, చూడు. మళ్ళీ కలుపు, ఆగు, చూడు. మళ్ళీ. మేస్త్రిని పిలిచే అవసరమే రాకుండా అవే మూడు డబ్బాలు ఒకదాని తర్వాత ఒకటి ఎనిమిదిసార్లు గీసింది. ప్రతి 'చూడు' నుంచీ రెండు బాణాలు: సరిపోతే చివరికి, సరిపోకపోతే తర్వాతి 'కలుపు'కి. అన్నీ ముందుకే. ఒక్క ఎర్ర గుర్తు లేదు. వెనక్కి వెళ్ళనివ్వకపోతే, వెనక్కి వెళ్ళాల్సిన చోటునే ముందుకి తెచ్చి పెట్టుకుంది. మా కంపెనీలో పదేళ్ళ అనుభవమున్నవాళ్ళకి కూడా వెంటనే తట్టని ఉపాయమది.

కార్ఖానాలో మొత్తం ఇరవై రెండు రంగులు. ప్రతి రంగుకీ విడిగా అంత పొడుగు బొమ్మ గీయాలి, ప్రతి డబ్బాలోనూ పాళ్ళు చేత్తో రాయాలి. అక్క అప్పటికి తొమ్మిది రంగులు పూర్తి చేసింది. పదో దాంట్లో సగముంది. కుడి మణికట్టుకి నాలుగు రోజులుగా గుడ్డ కట్టుకుని తిరుగుతోంది, ఏంటంటే "ఏదో బెణికిందిలే" అంది. అది బెణుకు కాదు. నేను ఆఫీసుకి వెళ్ళాక, తన షిఫ్టుకి వెళ్ళేలోపు కూర్చుని గీస్తోంది. నాకు చెబితే నేను చిన్నబుచ్చుకుంటానని చెప్పలేదు. నా చేతకానితనం బయటపడకుండా కాపు కాసింది.

నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. తర్వాత టీ వేడి చేసుకుని, నా నియమాల ఫైలు తెరిచి, బాణం నియమం మార్చాను.

అక్క రాగానే, "వచ్చేసిందక్కా" అన్నాను.

"ఏంటి?"

"బాణం."

చేతిలో సంచీ కింద పెట్టకుండానే వచ్చి తెర ముందు వంగింది. 'చూడు' నుంచి 'కలుపు'కి బాణం లాగింది. ఎర్ర గుర్తు రాలేదు. చెరిపేసి మళ్ళీ లాగింది. రాలేదు. అక్క నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. సంచీలోంచి ఉల్లిపాయలు నేలంతా దొర్లాయి.

"బంగారు తల్లివే నువ్వు! ఎంత కష్టపడ్డావో!"

పది తొట్లూ రెండు వారాల్లో అయిపోయాయి. అక్క చేతులు కట్టుకుని గుమ్మం బయట నిలబడింది, లోపలికి తొంగి కూడా చూడలేదు. మేస్త్రే నమూనా ముక్కని యంత్రం కన్ను ముందు పట్టి, తెర చూసి, గంట కొట్టి, అన్నీ చేశాడు. పదోది బయటికొచ్చాక యజమాని బట్టని వెలుతురులో చూసి, అక్క చెయ్యి పట్టుకుని నిలబడిపోయాడు. అన్నట్టుగానే టికెట్ తీయించాడు.

రేవు ఊళ్ళో ఉన్న ఆయన ఆమధ్య ఫోన్లు తగ్గించాడు. పడవల పని ఎక్కువగా ఉందేమో అనుకుంది అక్క. "వస్తున్నానని చెప్పను. తలుపు తీసి నన్ను చూసినప్పుడు ఆ మొహం నేను చూడాలి," అంది. స్టేషన్లో నా బుగ్గలు రెండూ పట్టుకుని, వేళకి తినమని నాలుగుసార్లు చెప్పింది. రైలు కదిలాక కూడా కిటికీలోంచి ఏదో చెబుతూనే ఉంది. తినమనే అయ్యుంటుంది.

ఆ మూడు రోజులు నేను ఎలా ఉన్నానో చెప్పను. ఒకటి మాత్రం నిజం. ఏడుస్తూనే, మొదటిసారి నా మీద నాకు కాస్త మంచి అభిప్రాయం కలిగింది. ఆలస్యమైతే అయింది, పంపించాను కదా అనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున్న వాన పడుతుండగా అక్క తలుపు తట్టింది. సంచీ మూల పెట్టి, మొహం కడుక్కుని, "ఆకలేస్తోందే, ఏముంది?" అంది. పెట్టాను. తిన్నది. గిన్నెలు కడిగి బోర్లించాక చెప్పింది.

"ఇల్లు బావుంది. కిటికీలోంచి పడవలు కనబడతాయి." కాసేపు చెయ్యి తుడుచుకుంటూనే ఉంది. "ఆయన మాటిచ్చేశారే. వాళ్ళ పిన్ని చూసిన అమ్మాయికి. నెలయిందట. ఫోన్లో చెప్పడానికి నోరు రాక ఉత్తరం రాసి పెట్టుకున్నారు, పంపలేకపోయారు. నాకు చూపించారు."

నేను బోర్లించిన గిన్నెలనే మళ్ళీ సర్దాను.

"ఆయన్ని తిట్టకు. ఆయన తప్పేం లేదు. నాలుగేళ్ళు ఆగారు, పాపం. నేను చెప్పినప్పుడల్లా సాకులనుకునేవారట. 'నీ చెల్లెలితో మాట్లాడాక నాకు నమ్మకం కుదిరింది' అన్నారు. 'చదువుకున్న పిల్ల, తనే ఎప్పటికవుతుందో చెప్పలేనంటే ఇక అది అయ్యేది కాదు. నువ్వు మాట తప్పే మనిషివి కాదు. నీకోసం కూర్చుంటే నీకే బరువు' అన్నారు." అక్క నా మొహం చూసి కంగారుపడింది. "అయ్యో, నీ మీద కోపం లేదే! 'ఆ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది, శక్తికి మించిన పని' అన్నారు. ఆ మాటే అన్నారు."

"అక్కా," అన్నాను. "ఆ బాణం..."

"ఊరుకో. నువ్వు పడ్డ కష్టం నాకు తెలీదా? చివరికి తెచ్చావుగా." గుడ్డ విప్పేసిన ఆ చెయ్యి నా తల మీద పెట్టింది. "నా రాత అలా ఉంటే నువ్వేం చేస్తావ్?"

నేను చెప్పలేదు. ఆ రోజు చెప్పలేదు, ఆ ఏడాదీ చెప్పలేదు.

ఆరేళ్ళయింది. అక్క ఎక్కడికీ వెళ్ళలేదు. రోజూ కార్ఖానాకి వెళ్తుంది. రంగు కలపడానికి కాదు, ఆ అవసరం వాళ్ళకిప్పుడు లేదు. కొత్తవాళ్ళకి బొమ్మలు గీయడం నేర్పుతుంది. సాయంత్రం వస్తుంది, నన్ను తిన్నావా అని అడుగుతుంది, తన గదిలోకి వెళ్తుంది. కూనిరాగాలు లేవు. నేనేదైనా జోకు వేస్తే నవ్వుతుంది, నేను చిన్నబుచ్చుకోకూడదని. ఊరెళ్ళిన మనిషి మీద బెంగ అయితే ఫోన్ చేసుకోవచ్చు, రైలెక్కి వెళ్ళి చూసి రావచ్చు. నాకు బెంగ గోడకి అవతల ఉన్న మనిషి మీద. ఆ వేసవిలో నా పక్కన కూర్చున్న మా అక్క నాకు కావాలి, ఆమె మళ్ళీ రాలేదు.

ఇవాళైనా చెబుదామని కొన్ని సాయంత్రాలు లేస్తాను. గది గుమ్మం దాకా వెళ్తాను. మంచం మీద పడుకున్నది కాస్తా నా అడుగుల చప్పుడుకి లేచి కూర్చుంటుంది.

"ఏమే, ఏమైనా కావాలా?" అంటుంది, అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెడుతూ.